జూన్ 13న సమన్లు అందితే ఆన్సర్ (దావాకి ప్రతివాది రాతపూర్వక జవాబు) వేయడానికి ఆఖరు రోజేది?

ప్రశ్న: అమెరికా ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో సివిల్ కేసు. ప్రతివాది కంపెనీకి 2025 జూన్ 13, శుక్రవారం సమన్లు చేతికిచ్చారు. ఆన్సర్‌కి గడువు 21 రోజులంటే జూలై 4, ఆ రోజు సెలవు. ముందు రోజే వేసేయాలా? పోస్టులో వచ్చిన కాగితాలకి అదనంగా ఇచ్చే 3 రోజులు కలుస్తాయా?

జవాబు 1: జూలై 7, సోమవారం. ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నిబంధనల్లోని రూల్ 6(ఎ) ప్రకారం అందిన రోజు వదిలేసి 14 నుంచి లెక్కపెట్టండి. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు, జూన్ 19 సెలవు అన్నీ లెక్కలోకే వస్తాయి. ఆఖరు రోజు సెలవైతేనే గడువు జరుగుతుంది. ఇక్కడ 4 సెలవు, 5, 6 వారాంతం. ఆ 3 రోజులు రూల్ 5 కింద పోస్టులో పంపిన కాగితాలకే, సమన్లకి రావు. ఈ-ఫైలింగ్ ద్వారా అందినవాటికి 2016 డిసెంబరులోనే తీసేశారు. పాత చార్టు చూసి ఇంకా కలిపేవాళ్లున్నారు!

జవాబు 2: హైదరాబాద్ నుంచి ఫైల్ చేస్తుంటే గమనించండి, అర్ధరాత్రి అంటే కోర్టు ఉన్న ఊరి టైము. న్యూయార్క్ అయితే జూలైలో మనకి మర్నాడు ఉదయం 9:30. లోకల్ రూల్ ఇంకా ముందు టైము పెడితే అదే చెల్లుతుంది.

ప్రశ్నించినవారు: పొడిగింపు దొరుకుతుందా?

జవాబు 1: ఆన్సర్‌కి దొరుకుతుంది, గడువులోపే అడగండి. తీర్పు తర్వాత రూల్ 59(ఇ) మోషన్‌కున్న (తీర్పు మార్చమని వేసే అర్జీ) 28 రోజుల్ని మాత్రం జడ్జి కూడా పొడిగించలేరు.