8 జీబీ ల్యాప్‌టాప్‌కి ఏ పియానో ప్లగిన్ మేలు?

కడప నుంచి: అన్నా, ఇంట్లోనే చర్చి పాటలకు ట్రాకులు చేస్తుంటా. ర్యామ్ 8 జీబీ, హార్డ్ డిస్క్ పాతది. కీస్కేప్ అనే పియానో సాఫ్ట్‌వేర్ సౌండ్ అంటే ప్రాణం, కానీ పియానోటెక్ అనే ఇంకోటి చాలంటున్నారు. ఏది కొనమంటారు?

అనంతపురం నుంచి: కీస్కేప్‌లో ఉండేవి శాంపిల్స్, అంటే అసలు వాయిద్యాల రికార్డింగులు; పూర్తిగా వేస్తే 77 జీబీ తమ్ముడూ, నీ డిస్క్ మోయలేదు. పియానోటెక్‌లో రికార్డు చేసిన శాంపిల్సే ఉండవు, తీగ ఎలా కంపిస్తుందో అప్పటికప్పుడు లెక్కగట్టి శబ్దం పుట్టిస్తుంది కాబట్టి డిస్క్‌లో చోటు పెద్దగా పట్టదు, పనంతా ప్రాసెసర్‌దే. పెడల్ సగం తొక్కి చూడు, తీగలు మెల్లగా అణిగే తీరు నాకు భలే నచ్చుతుంది.

కర్నూలు నుంచి: సోలోకి పియానోటెక్ ఓకే, తబలా, స్ట్రింగ్స్ మధ్యలో మాత్రం నాకు శాంపిల్ పియానోనే ఇష్టం. ముందు సలమాండర్ అనే శాంపిల్ పియానో వేసి చూడు బ్రో, యమహా సీ5 గ్రాండ్ పియానో శాంపిల్స్, ఉచితం. పియానోటెక్ ట్రయల్‌లో కొన్ని కీలు మోగవు, 20 నిమిషాలకు ఆగిపోతుంది, అయినా తేల్చుకోవడానికి అది చాలు.