బూస్టర్ల నాటి ఖాళీ కుర్చీ ఏఐ బొమ్మలో ఎందుకు రావడం లేదు?

టీకా సిస్టర్ అడుగుతున్నారు:

నేను నర్సుని. 2021, 2022 రెండేళ్లూ టీకా టేబుల్ దగ్గరే గడిపాను. ఇప్పుడు కొత్తగా చేరిన నర్సులకు గంటసేపు క్లాసు చెప్పమన్నారు. కోవిడ్ ఆంక్షల మీద, బూస్టర్ల మీద జనం మనసు ఎలా మారుతూ వచ్చిందో చెప్పాలి. నా దగ్గర ఫొటోలు లేవు. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో ఫోన్ తీసే తీరిక లేదు. తీరిక దొరికే నాటికి ఫొటో తీసేంత విషయం ఉందని అనిపించలేదు. అందుకే ఏఐతో నాలుగు బొమ్మలు చేయించుకుందామనుకున్నాను.

మూడు బొమ్మలు నిమిషాల్లో వచ్చేశాయి: 2020 నాటి నిర్మానుష్యమైన రోడ్డు, పీపీఈ కిట్‌లో డాక్టరు, 2021లో టీకా కోసం పొడవాటి క్యూ. నాలుగోది మాత్రం రెండు రోజులుగా కుదరడం లేదు.

ఆ నాలుగోది ఏమిటో చెబుతాను. మేం వాడిన టీకా ఒక్కో వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, పది డోసులుండేవి. మూతకు సూది గుచ్చాక ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. 2021 మధ్యలో ఈ లెక్కతో మాకు పనే ఉండేది కాదు, తెరిచిన వయల్ పది నిమిషాల్లో అయిపోయేది. అదే 2022 చివర్లో బూస్టర్ కోసం పొద్దున తొమ్మిదికి ఒకాయన వచ్చేవారు. "ఇంకో నలుగురు రానివ్వండి, తెరుస్తాను" అని కూర్చోబెట్టేదాన్ని. పదకొండయ్యేసరికి ఇంకొక్కరు వచ్చేవారు, అంతే. మొదటాయన వాచీ చూసుకుని, "రేపొస్తాలే సిస్టర్" అని లేచేవారు. ఆ రేపు వచ్చేది కాదు. ఆయనకు టీకా అంటే కోపం లేదు, భయమూ లేదు. లేచి వెళ్లేటప్పుడు ఆ మొహం ఎలా ఉండేదో, అది కావాలి నాకు.

ఏఐ ఇస్తున్నది వేరు. ఖాళీ కుర్చీ అంటే పాడుబడిన ఆసుపత్రి వచ్చింది, గోడల నిండా పాచి. "ఆసక్తి తగ్గిన మనిషి" అంటే తల పట్టుకుని ఏడుస్తున్నాడు. "జనం లేరు" అని రాస్తే హాలు నిండా జనం. ప్రతి బొమ్మలోనూ గాల్లో ఎర్ర ముళ్ల బంతులు తేలుతున్నాయి. సిరంజి అయితే మోచేయంత ఉంది. మేం వేసే డోసు అర మిల్లీలీటరు, ఆ సిరంజి పిడికిట్లో ఇమిడిపోతుంది.

ఎలా అడిగితే వస్తుంది? అసలు ఇలాంటి క్లాసులో ఏఐ బొమ్మ చూపించడం సరైన పనేనా?

రాత్రి షిఫ్ట్:

సిస్టర్ గారూ, మీకొచ్చిన బొమ్మలు అలా ఉండటానికి కారణముంది. బొమ్మలు గీసే ఈ ఏఐ మోడళ్లు నేర్చుకునేది ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల నుంచి, వాటి పక్కనున్న వాక్యాల నుంచి. 2022 ఆగస్టులో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల ఏఐకి పాఠ్యపుస్తకం లాంటిది లయాన్-5బి అనే సంచయం. అందులో దాదాపు 585 కోట్ల బొమ్మ-వాక్యం జతలున్నాయి, వాటిలోంచి ఏరిన భాగాలతో దానికి నేర్పారు. "కోవిడ్", "వ్యాక్సిన్" అన్న మాటలున్న చోట ఎలాంటి ఫొటోలుంటాయో ఆలోచించండి. ఐసీయూలు, మాస్కులు, పెద్ద సిరంజులు. వాచీ చూసుకుని లేచి వెళ్లిన పెద్దమనిషిని ఫొటో తీసి, కింద బూస్టర్ అని రాసి పెట్టినవాళ్లు ఎంతమంది ఉంటారు? మీరే తీయలేదు కదా.

కాబట్టి ముందు ఆ మాటలు తీసేయండి. కోవిడ్ వద్దు, టీకా వద్దు. కనిపించే వస్తువులే చెప్పండి: "కిటికీ పక్కన వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్కదాంట్లో యాభై ఏళ్ల మనిషి, సగం లేచి వాచీ చూసుకుంటున్నాడు, పొద్దుటి వెలుతురు." మనసులో భావం చెప్పకండి, ఒళ్లు ఎలా ఉందో చెప్పండి. "లేదు", "వద్దు" అన్నవి ప్రాంప్ట్‌లో, అంటే ఏఐకి మీరు రాసిచ్చే మాటల్లో, చాలాసార్లు సరిగా పని చేయవు. జనం అన్న మాట పడితే చాలు, జనాన్ని తెచ్చేస్తుంది. కొన్ని టూల్స్‌లో నెగటివ్ ప్రాంప్ట్ అని విడిగా గడి ఉంటుంది, వద్దన్నవన్నీ అందులో రాయాలి. సిరంజి సంగతంటారా, దానికి సిరంజి రూపం తెలుసు గానీ వాడకం తెలియదు. ఆ ముక్క వరకు సెలెక్ట్ చేసి మళ్లీ గీయించుకోండి.

గీతల పుస్తకం:

నేను పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేస్తాను. మీ రెండో ప్రశ్న గురించి నా మాట.

గాల్లో తేలే ఆ ఎర్ర ముళ్ల బంతి, అదే కరోనా వైరస్ బొమ్మ, అది కూడా ఇద్దరు మనుషులు తయారు చేసిందే. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీలో అప్పట్లో పనిచేసిన అలిస్సా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ 2020 జనవరిలో చేశారు. బూడిద రంగు గోళం, ముళ్లలా పొడుచుకొచ్చిన ఎర్రటి స్పైక్ ప్రోటీన్లు, మధ్య మధ్య నారింజ, పసుపు చుక్కలు. అసలు వైరస్‌కి రంగే లేదు. దాని అడ్డుకొలత సుమారు 100 నానోమీటర్లు. మన కంటికి కనిపించే వెలుగులో అతి చిన్న తరంగమే దాదాపు 400 నానోమీటర్లు, కాబట్టి అంత చిన్నదానికి మనం చెప్పుకునే రంగు ఉండదు. జనం కళ్లు దాని మీద నిలవాలని ఎరుపు ఎంచుకున్నారు. 2020లో అది సరైన నిర్ణయమని బొమ్మలేసే మనిషిగా నేను గట్టిగా నమ్ముతాను.

కానీ 2022లో బూస్టర్ పోస్టర్ల మీద కూడా అదే బంతి. అప్పటికి ఆ ఎరుపుని చూసి భయపడేవాళ్లు తగ్గిపోయారు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఏఐ బొమ్మల్లో అది ఇంకా నడుస్తూనే ఉంది, మీకు కనబడింది అదే.

నా భయం వేరే. ఫొటోలా కనిపించే ఏఐ బొమ్మ మీ క్లాసు దాటి వెళ్తే ఏమవుతుంది? 2023 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ తెల్లటి పఫర్ జాకెట్ వేసుకున్న బొమ్మ తిరిగింది. మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్‌తో చేసింది, ఎందరో నిజమనుకున్నారు. అది జాకెట్ కాబట్టి నష్టం లేకుండా పోయింది. ఖాళీ టీకా కేంద్రం బొమ్మని ఎవరో కత్తిరించి, "చూడండి, జనం టీకాలు మానేశారు" అని ఫార్వర్డ్ చేస్తే మీరెక్కడని ఆపుతారు? బొమ్మ కింద కాదు, బొమ్మ లోపలే "ఏఐ చిత్రం" అని పెద్దగా రాయండి. ఇంకా మంచి దారి, పెన్సిల్‌తో మీరే గీయండి. ఆయన్ని చూసింది మీరొక్కరే. గీత వంకరపోయినా పర్వాలేదు.

మూడో డోసు వేసుకోనివాడు:

ఆ కుర్చీలోంచి లేచి వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మీ దగ్గర కాకపోవచ్చు.

రెండు డోసులూ పరుగెత్తి వేయించుకున్నాను. ఒమిక్రాన్ వేవ్‌లో నాకూ వచ్చింది, మూడు రోజుల జ్వరంతో పోయింది. అప్పటికే నా మనసు వేరే లెక్కలో ఉంది. మొదట్లో మామూలు జనానికి మాస్కు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, 2020 జూన్‌లో బయట గుంపుల్లో పెట్టుకోమంది. కొత్త సంగతి తెలిస్తే సలహా మారుతుందని ఇప్పుడు అర్థమవుతోంది, అప్పుడు ఎవరూ అలా విడమర్చలేదు. 2022 ఫిబ్రవరి 1న డెన్మార్క్ దాదాపు అన్ని ఆంక్షలూ ఎత్తేసిందని చదివాను. తర్వాత ఒక్కొక్క దేశం అదే బాట. ఒక్కో నిబంధన పోతుంటే ప్రమాదం కూడా పోయిందనే అనుకున్నాను. మొదటి రెండు డోసులకి "మళ్లీ అందరినీ కలవొచ్చు" అన్న ఆశ ఉండేది. మూడోదానికి అలాంటిదేమీ కనిపించలేదు. ఫోన్‌కి మెసేజ్ మాత్రం వచ్చింది.

కాకపోతే మా నాన్నకి వేయించాను. ఒక నర్సు నా పక్కన కూర్చుని రెండు నిమిషాలు చెప్పారు. యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, ప్రాణం మీదకు రాకుండా కాపాడే శక్తి అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది, వయసు మీద పడినవాళ్లలో అదీ బలహీనపడుతుంది, అందుకని మీకంటే ముందు ఆయనకి కావాలి అన్నారు. ఆ మాట నా లెక్కలో సరిపోయింది. నాన్నకి డెబ్భై నాలుగు. మర్నాడే తీసుకెళ్లాను.

సిస్టర్, ఆ మొహంలో నిర్లక్ష్యం వెతకొద్దని నా మనవి. ఆ రోజు నేను గంటన్నర కూర్చున్నాను. వాచీ చూసుకుంది పనికి ఆలస్యమవుతోందని.

టీకా సిస్టర్:

అందరికీ ధన్యవాదాలు. "మూడో డోసు వేసుకోనివాడు" గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ రోజుల గురించి ఎవరడిగినా జనం రావడం మానేశారనే చెప్పేదాన్ని. మొదటాయన వచ్చారు కదా. తొమ్మిదికే వచ్చారు. వృథా అవుతుందని వయల్ తెరవనిది నేను. వృథా రాయాల్సిన గడి ఒకటి ఉండేది, అందులో అంకె పెరిగితే పైవాళ్లు అడుగుతారని టెన్షన్. ఆయన వెనక్కి వెళ్లిపోతే రాయడానికి మాత్రం ఏ గడీ లేదు. తొమ్మిది డోసులు పోయినా సరే తెరిచి ఉండాల్సింది. క్లాసులో పిల్లలకి ముందు ఇదే చెప్తాను.

రాత్రి షిఫ్ట్ గారు చెప్పినట్టు మాటలు మార్చి చూశాను. కుర్చీలు, కిటికీ, వెలుతురు బాగా కుదిరాయి. మనిషి మొహం మాత్రం ఎవరిదో లాగే ఉంది, ఆయనది కాదు. ఆయన్ని పెన్సిల్‌తో గీయడానికి నాకు చెయ్యి రాలేదు, రెండు కాగితాలు పాడు చేశాను. చివరికి బొమ్మలోంచి మనిషినే తీసేశాను. టేబుల్ మీద ప్లాస్టిక్ మూత కూడా ఊడదీయని వయల్, వెనక గోడ గడియారం, పదకొండు దాటిన ముళ్లు. రెండోసారికే వచ్చేసింది. వయల్ లేబుల్ మీద అక్షరాలు ఏ భాషో తెలియనట్టు వచ్చాయి, ఆ చోటు చెరిపేసి "ఏఐ చిత్రం" అని నేనే రాశాను. ఫొటో అనుకునేలా ఉండకూడదని రంగులు తగ్గించి నీటిరంగుల బొమ్మలా మార్పించాను.

గీతల పుస్తకం గారూ, అక్షరాలు ఆ సైజు చాలా, ఇంకా పెంచాలా? బొమ్మ కింద జత చేస్తున్నాను, ఒకసారి చూసి చెప్పండి. క్లాసు సోమవారం.