పిల్లల లెక్క చూడాలా, పొయ్యిల లెక్క చూడాలా?

కొబ్బరిమట్ట

మాకు ఒక పాప, నాలుగేళ్లు. రెండో బిడ్డ మాట ఇంట్లో ఏడాదిగా నలుగుతోంది. మా అత్తయ్య "ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు" అంటారు. నాకు మాత్రం 2017లో వచ్చిన ఒక పరిశోధన మనసులోంచి పోవడం లేదు. కారు పూర్తిగా మానేస్తే ఏడాదికి 2.4 టన్నుల కర్బన ఉద్గారాలు తగ్గుతాయట. ఒక బిడ్డను తక్కువగా కన్నట్లయితే ఏడాదికి 58 టన్నులు తగ్గుతాయట! ఏళ్ల తరబడి గుడ్డ సంచీ పట్టుకుని తిరుగుతున్నాను, ప్లాస్టిక్ సీసా కొనను, తడి చెత్తతో మేడ మీద ఎరువు చేస్తాను. ఇంకో బిడ్డను కంటే ఇదంతా వృథాయేనా? పెద్దలు, అనుభవం ఉన్నవారు చెప్పండి. రెండు వైపుల మాటా వినాలని ఉంది.

లెక్కలబడి

కొబ్బరిమట్ట గారూ, ఆ 58 ఎలా వచ్చిందో ముందు చూడాలి. అది మీ బిడ్డ ఒక్కరి లెక్క కాదు. బిడ్డ వదిలే ఉద్గారాల్లో సగం మీ ఖాతాలో, మనవల వాటాలో పావు వంతు మీ ఖాతాలో, అలా తరాల తరబడి కలుపుకుంటూ పోయి, మొత్తాన్ని మీ ఆయుష్షుతో భాగించారు. అమెరికాలో 2009లో వచ్చిన ఒక పద్ధతి ఇది. పైగా లెక్క వేసింది సంపన్న దేశాలకు. అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అయితే, మన దేశంలో సుమారు 2 టన్నులు. ఆ అంకెను తెచ్చి మీ ఇంటి గోడకు తగిలించకండి.

ఇంకో సంగతి. జనాభా స్థిరంగా ఉండాలంటే స్త్రీకి సగటున 2.1 పిల్లలు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. పల్లె పల్లెకూ తెలిసిన ఆ నిబంధన మూడు దశాబ్దాల తర్వాత పోయిందంటే, కాలం ఎటు తిరిగిందో చూడండి.

ఎర్రమట్టి

లెక్కలబడి గారి సగటులు బాగానే ఉన్నాయి కానీ, నేలకు సగటు తెలియదు. మా తాతకు పన్నెండు ఎకరాలు, ఒక బావి. ఐదుగురు కొడుకులు. మా నాన్న వాటాకు రెండెకరాల నలభై సెంట్లు వచ్చింది. మేం అన్నదమ్ములం ముగ్గురం. నా వాటా ఎనభై సెంట్లు. తాత బావిలో నలభై అడుగులకు నీళ్లు పడ్డాయి. మేం ముగ్గురం మూడు బోర్లు వేశాం. నాది ఎనిమిది వందల అడుగులు దాటింది, వేసవిలో అరగంట పోసి ఆగిపోతుంది. మా బడి గోడ మీద ఎర్ర త్రికోణం, దాని కింద "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని రాసి ఉండేది. ఆ మాట మా తాత కాలానికే వచ్చి ఉంటే నా పొలం ఈ రోజు ఇలా ఉండేది కాదు. కర్బనం గురించి నాకు అంతగా తెలియదు. నీళ్ల గురించి తెలుసు. జనం పెరిగితే నీళ్లు పెరగవు. ఇప్పుడు మళ్లీ ఎక్కువమందిని కనమని నాయకులే చెబుతుంటే నాకు భయం వేస్తోంది.

పాతమిద్దె

ఎర్రమట్టి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు రాసినదాంట్లోనే నాకు ఇంకో సంగతి కనబడుతోంది. తాతకు ఐదుగురు కొడుకులున్నప్పుడు బావి ఒకటి. మీ ముగ్గురికి బోర్లు మూడు. మనుషులు పెరిగిన దానికన్నా వాటాలు, వాటితో పాటు వస్తువులు ఎక్కువ పెరిగాయి. పర్యావరణం మాట వచ్చినప్పుడు పిల్లల్ని లెక్కపెడతాం కానీ పొయ్యిల్ని ఎవరూ లెక్కపెట్టరు.

మా ఇంటి సంగతి చెబుతాను. నా చిన్నప్పుడు పాత మిద్దెలో పదకొండు మందిమి. వంటగది ఒకటి, ఫ్రిజ్ ఒకటి, టీవీ ఒకటి, బాబాయి స్కూటరు ఒకటి. రాత్రి హాల్లో ఒక ఫ్యాను కింద వరసగా ఆరు చాపలు. పెద్దవాడి నిక్కరు నాకు, నా తర్వాత తమ్ముడికి, ఆఖరికి అది మసిగుడ్డ. ఇప్పుడు ఆ కుటుంబమే నాలుగు ఫ్లాట్లలో ఉంది. మా తరంలో ఎవరికీ ఒకరికి మించి పిల్లలు లేరు. అందరం కలిపి పదమూడు మందిమి. కానీ ఫ్రిజ్‌లు నాలుగు, వాషింగ్ మెషీన్లు నాలుగు, కార్లు నాలుగు, ఏసీలు తొమ్మిది. ఒక మామూలు ఫ్రిజ్ ఏడాదికి రెండు వందల యూనిట్లకు పైనే తాగుతుంది. మన కరెంటు చాలావరకు బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి యూనిట్‌కు ముప్పావు కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వేసుకోవచ్చు. అదనంగా వచ్చిన మూడు ఫ్రిజ్‌లకే ఏడాదికి నాలుగు వందల కిలోలు దాటుతుంది. ఏసీల జోలికి నేను పోనే లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. జీవవైవిధ్యం ఎక్కువగా ఉన్న దేశాల్లో జనాభా కంటే ఇళ్ల సంఖ్య వేగంగా పెరుగుతోందని 2003లోనే శాస్త్రవేత్తలు చూపించారు. గోదావరి జిల్లాల్లో తిరిగినవారికి ఇది కళ్లారా తెలుసు. మూడంతస్తుల ఇల్లు, లోపల ఇద్దరు వృద్ధులు, పిల్లలు అమెరికాలో. పై రెండు అంతస్తులకు తాళం. ఆ సిమెంటు, ఆ ఇసుక, ఆ ఇనుము ఎవరి కోసం? ఆ ఇంట్లో పిల్లలు ఇద్దరే కదా, అయినా నేల మీద వాళ్ల బరువు తక్కువేమీ కాదు.

కొబ్బరిమట్ట గారూ, నా అభిప్రాయం ఇదీ. ఇద్దరు పిల్లలున్నా ఒక పొయ్యి మీద నలుగురు పెద్దలతో కలిసి బతికే ఇల్లు, ఒక్క బిడ్డతో విడిగా బతికే ఇంటికన్నా నేలకు తేలిక.

నూలుచీర

పాతమిద్దె గారూ, ఆ ఒక్క పొయ్యి దగ్గర నిలబడింది ఎవరో మీరు రాయలేదు. పదకొండు మందికి వండింది ఎవరు? ఆ ఆరు చాపలు వేసి, తెల్లవారి చుట్టబెట్టింది ఎవరు?

నేను అలాంటి ఇంటికే కోడలిగా వెళ్లాను. నాకు ఇరవై రెండేళ్లు నిండేసరికి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయిపోయాయి. కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ గురించి నన్ను ఎవరూ అడగలేదు. ఆటో వచ్చింది, ఎక్కమన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో పదిమందికి ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారేనని లెక్కలబడి గారు చెప్పిన సర్వేలోనే ఉంది. మగవారిలో నూటికి ఒక్కరు కూడా లేరు, వాళ్లకు అది ఇంకా చిన్న ఆపరేషన్ అయినా. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976-77లో, దేశంలో ఒక్క ఏడాదిలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. అప్పుడు దేశం కోసం అన్నారు. నిన్నటిదాకా ఇద్దరు చాలన్నారు. ఈ రోజు రాష్ట్రం ముసలిదవుతోంది, ఇంకా కనమంటున్నారు. రేపు భూమి కోసం కనవద్దంటారు. ప్రతిసారీ లెక్క మా కడుపు దగ్గరే మొదలవుతోంది. కొబ్బరిమట్ట గారూ, బిడ్డ కావాలో వద్దో మీ ఒంటిని, మీ మనసును అడిగి తేల్చుకోండి. టన్నుల్ని అడగకండి. ఉమ్మడి కాపురమూ అంతే, భూమి పేరు చెప్పి ఆడపిల్లను మళ్లీ పదకొండు మంది పొయ్యి దగ్గరికి పంపకండి.

పాతమిద్దె

నూలుచీర గారూ, మీ మాట చదివాక నిన్న రాత్రి మా అమ్మకు ఫోన్ చేశాను. ఆ ఇంటి గురించి నీకేం గుర్తుందని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వేడి అన్నం నేను తిన్నది మనం వేరుపడ్డాకేరా" అంది. నలభై ఏళ్లలో ఆ మాట నాతో అనడం ఇదే మొదటిసారి.

నేను రాసింది వెనక్కి తీసుకోను, కానీ సరిదిద్దుకుంటాను. కలవాల్సింది వంట ఒక్కటే కానక్కరలేదు. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఇళ్లున్నాయి. నిచ్చెన, డ్రిల్లింగ్ మెషీన్, పెద్ద గ్రైండరు అందరివీ. రెండేళ్ల కిందట తలా కొంత వేసుకుని రెండు వందల స్టీలు కంచాలు, గ్లాసులు కొన్నాం. అప్పటి నుంచి మా దగ్గర ఏ పుట్టినరోజుకూ ప్లాస్టిక్ గ్లాసు రాలేదు. సిద్దిపేట వైపు ఊళ్లలో స్టీలు బ్యాంకులని ఇదే పని చేస్తున్నారు. తీసుకున్నవాళ్లే కడగాలన్నది మా నియమం. మొదట్లో అది పనిమనుషుల మీద పడింది, అందుకే నియమం పెట్టాం. ఇప్పుడు మగవాళ్లం కూడా కుళాయి దగ్గర నిలబడుతున్నాం.

ఎర్రమట్టి

మా ముగ్గురికీ కలిపి ఒక బోరు ఉంచుకుని, వంతులు వేసుకుంటే ఎలా ఉంటుందని మా పెద్దన్నయ్యను అడిగాను. ఆలోచిద్దామన్నాడు. మాట మాత్రం కాదనలేదు. కానీ జనాభా సంగతిలో నా భయం నాకు అలాగే ఉంది.

లెక్కలబడి

ఒక్క అంకె చెప్పి ఊరుకుంటాను. హైదరాబాదు నుంచి డాలస్ వెళ్లి వస్తే మనిషికి రెండు టన్నులకు పైనే పడుతుంది. అంటే మన దేశంలో ఒకరి ఏడాది సగటు ఒక్క ప్రయాణంలో దాటిపోతుంది. కుటుంబం చిన్నదా పెద్దదా అన్నదానికి ముందు, ఆ కుటుంబం ఎలా తిరుగుతోంది, ఎలా చల్లబరుచుకుంటోంది అన్నది అడగాలి.

కొబ్బరిమట్ట

అందరికీ నమస్కారాలు. నూలుచీర గారి మాటలు నా భర్తకు చదివి వినిపించాను. రెండో బిడ్డ సంగతి మేమిద్దరం తేల్చుకుంటాం, అందులోకి టన్నుల్ని తేను. అత్తయ్య, మామయ్య ఊళ్లో ఇద్దరే ఉంటున్నారు. మా పక్క ఫ్లాటు ఖాళీ అవుతోంది, అక్కడికి రమ్మన్నాం. వంటలు వేరే. వాషింగ్ మెషీన్, స్కూటరు ఒకటే. అత్తయ్యే ముందుగా "నా వంట నాకుండాలి" అన్నారు, నాకు ప్రాణం లేచి వచ్చింది.

పాతమిద్దె గారూ, వచ్చే నెల మా పాప పుట్టినరోజు, నూట యాభై మంది వస్తారు. మా దగ్గర కూడా కంచాలు కొనాలని నలుగురిని ఒప్పించాను. పోయిన కంచాల లెక్క పుస్తకంలో ఎలా రాస్తున్నారు? విరిగిన, సొట్టపడిన వాటికి డబ్బు తీసుకుంటున్నారా?