జామినీ రాయ్ బొమ్మ చూసి వేస్తే పెయింటింగ్ వస్తుందా?

కుంచె_కాకినాడ:
మా ఊళ్లో పెద్దవాళ్ల కోసం నడిపే ఆదివారం క్లాసులో మొదటి పాఠంగానే బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ ‘ముగ్గురు పూజారిణులు’ బొమ్మ ఇచ్చి, అలాగే వేయమంటున్నారు. బాగా సాగిన కళ్లు, నల్లటి గీత, కొద్దిపాటి రంగులు. చూడ్డానికి తేలికే. నాకు మాత్రం అడ్డదారిలా ఉంది. ఆయన 1903లో కలకత్తా ఆర్ట్ కాలేజీలో చేరి, పాశ్చాత్య పద్ధతిలో పోర్ట్రెయిట్లు వేసి పేరు తెచ్చుకున్నాకే 1920ల్లో కాళీఘాట్ పటాల (కలకత్తా కాళీ గుడి దగ్గర అమ్మిన బొమ్మల) వైపు, సొంత బాంకురా జిల్లా జానపద బొమ్మల వైపు మళ్లాడు. భుజం ఎముక ఎక్కడుంటుందో తెలిసి వదిలేయడం వేరు, తెలియక వదిలేయడం వేరు. మీరేమంటారు?

పటం_పిచ్చి:
కాకినాడ గారూ, మరి ఆ పటాలు వేసిన కాళీఘాట్ పటువాలు ఏ కాలేజీలో ఎముకలు నేర్చుకున్నారండీ? ఇంట్లో పెద్దవాళ్ల గీత చూసి గీస్తూనే నేర్చుకున్నారు. రాయ్ అక్కడికే వెళ్లి తెచ్చుకున్నాడు. తన స్టూడియోలో కూడా ఇంటివాళ్ల సాయంతో ఒకే బొమ్మకు నకళ్లు వేయించేవాడు, మామూలు ఇళ్లవాళ్లు కొనుక్కోవాలని ధర తక్కువ పెట్టేవాడు. నకలు వేయడం ఆ కళకు బయటి సంగతి కాదు.

పైగా ఇందులో షేడింగ్ లేదు. తప్పు చేస్తే దాచుకునే చోటే లేదు. పవిట అంచు గీతను మణికట్టుతో కాకుండా భుజం కదిలిస్తూ ఒక్క ఊపులో లాగి చూడండి. కుంచెలో రంగు ఎక్కువైతే మధ్యలో ఉబ్బుతుంది, తక్కువైతే చివర్లో చీలుతుంది. పసుపును చారలు లేకుండా సాపుగా పరచడానికే ఒక పూట పడుతుంది. నల్ల గీత ముందే వేశామా, పసుపు దాని మీద ఆగదు, మురికవుతుంది. ఈ వరస చేస్తేనే తెలుస్తుంది.

కుంచె_కాకినాడ:
పటువాల పిల్లలు చిన్నప్పటి నుంచీ అదే పనిలో పెరిగారు. మాకు వారానికి రెండు గంటలు. అందులోనూ సగం మంది ట్రేసింగ్ పేపర్ పెట్టి దించేస్తున్నారు. ఇంటికెళ్లి స్టేటస్ పెట్టుకోవడానికి బాగుంటుంది, అంతే.

సైన్‌బోర్డు_బాబాయి:
ట్రేసింగ్ మాత్రం వద్దమ్మా. గళ్లు గీసి పెద్దది చేసుకోండి, మేం గోడల మీద అలాగే వేసేవాళ్లం. అంతకన్నా ముందు మనుషుల్ని వదిలి, ముగ్గురి మధ్య మిగిలిన ఖాళీల ఆకారాలు గీయండి. అవి కుదిరితే మనుషులు వాళ్లంతట వాళ్లే కుదురుతారు.

ఇక రెండో వారం ఆ బొమ్మ తీసేసి, అదే గీతతో పక్కింటావిడ బిందె ఎత్తుకున్న బొమ్మ వేయమనాలి. మోచెయ్యి ఎటు వంగాలో తెలియక అందరూ ఆగిపోతారు. కాకినాడ చెప్పిన ఎముకల పాఠం అప్పుడు మొదలుపెడితే చెవికెక్కుతుంది. మొదటి రోజే పెడితే సగం మంది క్లాసు మానేస్తారు.

చట్టం_చదివినోడు:
చిన్న మాట. రాయ్ 1972లో పోయారు. మన చట్టంలో కాపీరైట్ చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు, అంటే 2032 చివరిదాకా. ఇంట్లో సాధన చేసుకోవడం వేరు, నకలు వేసి అమ్మడం వేరు. వెనక ‘జామినీ రాయ్ బొమ్మ చూసి’ అని రాసుకోండి.

పటం_పిచ్చి:
బాబాయి గారి రెండో వారం నాకు నచ్చింది. కాకినాడ గారూ, ఇప్పుడైనా ఒప్పుకుంటారా?

కుంచె_కాకినాడ:
అలాంటి రెండో వారం ఉంటే ఒప్పుకుంటాను. మా క్లాసులో రెండో వారం ఫ్రెంచ్ చిత్రకారుడు మాతీస్ ‘డాన్స్’ ఇచ్చారు. అదీ ట్రేసింగే.