నెల్లూరు నుంచి మెల్‌బోర్న్‌కి ఇంటి సామాను ఓడలో: దేనికి సుంకం, దేన్ని ఆపుతారు?

కాలువగట్టు (ప్రశ్న)
అన్నావదినలు పిల్లలతో సహా మెల్‌బోర్న్‌లో స్థిరపడిపోతున్నారు. సుమారు 4 క్యూబిక్ మీటర్ల సామాను. వెట్ గ్రైండర్, ఇత్తడి బిందెలు, టేకు ఉయ్యాల బల్ల, పిల్లల సైకిలు, ఉదయగిరి చెక్క గరిటెలు, తాతలనాటి పంచలోహ విగ్రహం, పోయిన నెల కొన్న మిక్సీ. కందిపప్పు, ఎండుమిర్చి, ధనియాలు కూడా ఒక పెట్టెలో పెడతానంటోంది వదిన. ప్యాకర్ల వాళ్లేమో 'అన్నీ పంపొచ్చు సార్' అంటున్నారు. నిజంగా ఏవి పంపొచ్చు? కృష్ణపట్నం పక్కనే ఉందిగా, ఆడనుంచి పంపితే కుదరదా?

సరుకుచిట్టా
కృష్ణపట్నం మాట మర్చిపోండి. నాలుగైదు ఇళ్ల సామాను కలిపి ఒక కంటైనర్‌లో నింపేది చెన్నైలోనే.

సుంకం సంగతి తేలిక. మీరు బయల్దేరడానికి ముందు 12 నెలలూ మీ సొంతంగా ఉండి, మీరు వాడిన సామానుకు ఆస్ట్రేలియాలో సుంకం లేదు. దానికి ఆస్ట్రేలియా కస్టమ్స్ వాళ్ల బీ534 ఫారం నింపి, పాస్‌పోర్టు కాపీ, సామాను జాబితా జతచేస్తారు. కొత్త మిక్సీ ఈ లెక్కలోకి రాదు. బిల్లుతో సహా విడిగా చూపించండి, దాని మీద సుంకం, 10% జీఎస్టీ పడొచ్చు. అట్టపెట్టె పారేసి పాతదని రాసే తెలివితేటలు వద్దు, తప్పుడు డిక్లరేషన్ జరిమానా మిక్సీ ఖరీదును మించుతుంది. కరెంటు అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్‌జే. గ్రైండర్, మిక్సీ రెండూ తిరుగుతాయి, ప్లగ్ మారిస్తే చాలు.

ఒంగోలు గిత్త
అసలు గండం సుంకం కాదు, బయోసెక్యూరిటీ, అంటే పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చేసే తనిఖీ. వదిన గారి పెట్టెను ఇక్కడే ఆపేయండి. నిల్వ ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు భయంతో 2020 నుంచి బియ్యం, కందులు, పెసలు, శనగలు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వేరుశనగ లాంటివి మనిషితో కాక విడిగా వచ్చే ఇంటి సామానులో పూర్తిగా నిషేధం. మందు కొట్టించి ఇవ్వడాలు లేవు. నెయ్యి, పాలకోవా కూడా పెట్టకండి, మన దగ్గర గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి పాల పదార్థాలను ఒప్పుకోరు.

టేకు బల్ల, గరిటెలు పంపొచ్చు. బెరడు, పురుగు రంధ్రాలు, రంధ్రం కింద సన్నటి పొడి ఉండకూడదు. ఉంటే ఫ్యూమిగేషన్ (పురుగు చచ్చే పొగ పెట్టడం) లేదా గామా రేడియేషన్ చేయిస్తారు, కాదంటే ధ్వంసం లేదా వెనక్కి. ఏదైనా ఖర్చు మీదే. వార్నిష్ వేశాం కదా అనుకోకండి, పురుగు లోపలే ఉంటుంది. బల్ల అడుగు వైపు, గొలుసు కొక్కేల చుట్టూ టార్చి వేసి చూడండి.

సైకిలు టైర్ల గాట్లు, బూట్ల అడుగులు, గ్రైండర్ రాయి కింద ఎండిన పిండి: బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చీపుళ్లు, చాటలు, తాటాకు బుట్టలు, పిడకలు వదిలేయండి. ఇత్తడి బిందెల మధ్య వరిగడ్డి కుక్కడం మనవాళ్లకి అలవాటు; ఒక్క పరక కనబడినా పెట్టె మొత్తం ఆగుతుంది. పండ్ల, గుడ్ల అట్టపెట్టెలు కూడా వాడొద్దు. చెక్క క్రేటు చేయిస్తే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే పురుగు చావడానికి చెక్క నడిమధ్య 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించడం లాంటి శుద్ధి చేశారన్న గుర్తు. ముద్ర లేని క్రేటుతోనే ఎక్కువ పేచీ.

చెన్నై రోడ్డు
మన వైపు కస్టమ్స్ గురించి ఎవరూ చెప్పలేదు. విగ్రహం 100 ఏళ్లు దాటితే 1972 నాటి పురావస్తు చట్టం కింద బయటికి పంపే హక్కు మీకు లేదు. దాటలేదనుకుంటే పురావస్తు సర్వే శాఖ నుంచి 'పురావస్తువు కాదు' అనే ధ్రువపత్రం ముందే తీసుకోండి, నాలుగు వైపులా తీసిన ఫొటోలు కావాలి. తాటాకు గ్రంథాలకైతే ఆ హద్దు 75 ఏళ్లే. నెమలి ఈకల ఎగుమతి నిషిద్ధం. మనది ఎర్రచందనం జిల్లా కాబట్టి ఇంట్లో ఆ బొమ్మ ఉన్నా తీసి పక్కన పెట్టండి, సైటిస్ (అరుదైన జీవులు, మొక్కల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రం లేకుండా కదలదు. కర్పూరం మండే సరుకు, అదీ వద్దు.

కాలువగట్టు
థాంక్స్ అన్నా. జాబితా ఎట్టా రాయాలి? ప్యాకర్లు ఘనపుటడుగుల్లో రేటు చెప్పారు, అది సరైనదేనా?

సరుకుచిట్టా
1 క్యూబిక్ మీటర్ అంటే 35.3 ఘనపుటడుగులు. 45×45×60 సెంటీమీటర్ల పెట్టెలు ఎనిమిది కలిస్తే దాదాపు ఒక క్యూబిక్ మీటర్. ఈ లెక్కతో వాళ్ల కొలత సరిచూసుకోండి. చౌక రేటు చాలాసార్లు మెల్‌బోర్న్ రేవు దగ్గరే ఆగిపోతుంది. టెర్మినల్, డిపో, క్లియరెన్స్, తనిఖీ, ఇంటికి చేర్చే ఖర్చులన్నీ కలిపి ఇంటి నుంచి ఇంటికి రాతపూర్వకంగా అడగండి.

జాబితాలో 'కిచెన్ ఐటమ్స్' అని రాస్తే పెట్టె విప్పుతారు. 'స్టీలు గిన్నెలు 14, కుక్కర్ 1, వాడినవి' అని రాయండి. చెక్కవి, సైకిలు, బూట్లు రెండు మూడు పెట్టెలకే పరిమితం చేసి, వాటి నంబర్లు జాబితాలో గుర్తుపెట్టి, కంటైనర్ తలుపు వైపు వచ్చేలా చెప్పండి. మీరే సర్దిన పెట్టెలో గాజు పగిలితే బీమా సాధారణంగా ఇవ్వదు, అవి మాత్రం ప్యాకర్ల చేతే కట్టించండి.