పాత టైర్ల కుప్ప ఎవరికి అమ్మాలి? షాపువాళ్లకు కూడా రిజిస్ట్రేషన్ కావాలా?

ప్రశ్న (టైర్ల షాపు, దేవరకొండ రోడ్డు, నల్లగొండ)

అందరికీ నమస్తే. మాది చిన్న టైర్ల షాపు. బైకు, ఆటో, కారు, ట్రాక్టర్ టైర్లు అమ్ముతాం, పంక్చర్లు వేస్తాం. కొత్త టైరు వేయించుకున్నవాళ్లు చాలామంది పాతది ఇక్కడే పడేసి పోతారు. షాపు వెనక ఖాళీ జాగాలో కుప్ప నా ఎత్తు దాటింది. ముసురు పట్టినప్పటి నుంచి మున్సిపాలిటీ వాళ్లు వచ్చి దోమలు, ఫైన్ అని బెదిరిస్తున్నారు. మరోపక్క డీసీఎం (చిన్న లారీ) వేసుకుని ఒకతను వచ్చాడు. మొత్తం కిలో లెక్కన ఎత్తుకుపోతాడట, బిల్లు మాత్రం అడగొద్దట. ఎప్పుడూ కొనే పాత సామాన్ల సేటు కన్నా ఎక్కువే ఇస్తానంటున్నాడు. ఇంతలో మా బావమరిది ఎక్కడో చూసి, టైర్ల మీద చట్టం వచ్చింది, ఢిల్లీలో రిజిస్టర్ కాకపోతే లక్షల్లో ఫైన్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. నిజమేనా? ఎవరికి అమ్మితే తలనొప్పి ఉండదు?

జవాబు (ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతుల పని చేస్తాను, సొంతూరు నకిరేకల్ దగ్గర)

తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ తీసేద్దాం. మీ బావమరిది చెప్పిన చట్టం ఉంది కానీ, అది మీ మీద పెట్టింది కాదు. మన రాష్ట్రం టైర్ల కోసమని విడిగా చట్టమేమీ చేయలేదు. ఉన్నది కేంద్రం నిబంధనలు. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలను 2022 జులైలో సవరించి, పాత టైర్ల కోసం తొమ్మిదో షెడ్యూల్ అని ఒకటి చేర్చారు. అందులో రిజిస్టర్ కావలసింది ముఖ్యంగా మూడు రకాల వాళ్లు: టైర్లు తయారుచేసే లేదా దిగుమతి చేసే కంపెనీలు, రీసైక్లింగ్ ఫ్యాక్టరీలు, రీట్రేడింగ్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పట్టీ వేయడం) చేసేవాళ్లు. పాత టైర్లు పోగేసి అమ్మే షాపు ఆ లెక్కలోకి రాదు.

అసలు సంగతి ఏమిటంటే, టైరు చేసిన కంపెనీయే దాని చివరి ఖర్చు కూడా మోయాలి. 2020-21లో చేసిన టైర్లలో 35 శాతానికి సరిపడా రీసైక్లింగ్‌ను 2022-23లో చూపించాలి అన్నారు. తర్వాతి ఏడు 70 శాతం. 2024-25 నుంచి నూటికి నూరు, అదీ రెండేళ్ల ముందు చేసిన సరుకు మీద లెక్క. కంపెనీలు తామే టైర్లు ఏరుకోనక్కర్లేదు. ఇన్ని టైర్లు రీసైకిల్ అయ్యాయని చూపే సర్టిఫికెట్లను రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర కొనుక్కుంటే చాలు. అంటే ఆ రీసైక్లర్‌కు రెండు రాబడులు: తీసిన సరుకు అమ్మితే ఒకటి, సర్టిఫికెట్ అమ్మితే ఒకటి.

ఇప్పుడు మీ డీసీఎం ఆయన దగ్గరికి వద్దాం. సర్టిఫికెట్ పుట్టాలంటే లెక్కలు కావాలి కాబట్టి, రిజిస్టరైనవాడు బిల్లు వద్దనడు, తానే అడుగుతాడు. బిల్లు వద్దంటూ ఎక్కువ రేటు ఇస్తున్నాడంటే ఆ టైర్లు లెక్కలోకి రాని చోటికి పోతున్నాయనే నా అనుమానం. అది ఇటుక బట్టీ అయినా కావచ్చు, అనుమతి లేని పైరాలసిస్ ప్లాంటైనా కావచ్చు. రేపు ఏదైనా కేసైతే టైర్లు ఎక్కడివని అడుగుతూ మీ షాపు దాకా వస్తారు.

మళ్లీ ప్రశ్నించినవారు

థాంక్స్ అన్నా. పైరాలసిస్ అంటే టైర్ల నుంచి డీజిల్ తీస్తారంటారు, అదేనా? అది చట్టవిరుద్ధమా?

అదే కన్సల్టెంటు

డీజిల్ కాదు. బాయిలర్లలో, ఫర్నేసుల్లో కాల్చుకునే నల్లనూనె. టైర్లను గాలి చొరబడని డ్రమ్ములో పెట్టి 400, 500 డిగ్రీల దాకా వేడిచేస్తే రబ్బరు విరిగి ఆవిరవుతుంది. దాన్ని చల్లారిస్తే నూనె. బరువులో సుమారు 40 శాతం నూనె వస్తుంది, మూడోవంతు దాకా కార్బన్ పొడి, మిగతాది ఉక్కు తీగ, గ్యాసు. పద్ధతి ప్రకారం చేస్తే చట్టవిరుద్ధం కాదు. పీసీబీ, అంటే కాలుష్య నియంత్రణ మండలి, అనుమతులు ఉండాలి. విదేశాల నుంచి పాత టైర్లు తెప్పించి నూనె తీయడం మాత్రం నిషేధం. చిక్కంతా పాతకాలపు బ్యాచ్ ప్లాంట్లతో, అంటే ఒక్కో విడత నింపి, వేడిచేసి, ఖాళీ చేసేవాటితో. మనుషులు చేత్తో టైర్లు నింపి, సరిగా చల్లారకముందే తలుపు తీసి కార్బన్ ఎత్తిపోస్తారు. 2019లో ఈ వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లినప్పుడు, 19 రాష్ట్రాల్లోని 637 యూనిట్లలో 270 నిబంధనలు పాటించడం లేదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే చెప్పింది.

జవాబు (రైతు, షాద్‌నగర్ దాటాక జాతీయ రహదారి పక్క ఊరు)

ఆ 270లో ఒకటి మా చేను పక్కనే ఉన్నట్టుంది సార్. పగలు చూస్తే చప్పుడుండదు, రాత్రి పది దాటాక పొగ మొదలు. పత్తి ఆకుల మీద నల్లటి దుమ్ము. పత్తి ఏరితే చేతులు బొగ్గు పట్టినట్టు అవుతాయి. ఊళ్లో అడిగితే పర్మిషన్ ఉందంటారు, కాగితం చూపించరు. ఏం చేయాలి?

అదే కన్సల్టెంటు

కాగితం వాళ్లు చూపించనక్కర్లేదన్నా, మీరే తీయించవచ్చు. సమాచార హక్కు కింద రాష్ట్ర పీసీబీకి దరఖాస్తు పెట్టండి. మూడు సంగతులు అడగండి: ఆ సర్వే నంబరులోని యూనిట్‌కు నడిపే అనుమతి, అంటే సీఎఫ్‌ఓ, ఉందా, ఏ తేదీ దాకా ఉంది, రోజుకు ఎన్ని టన్నులకు, బ్యాచ్ పద్ధతికా, ఆగకుండా నడిచే కంటిన్యువస్ పద్ధతికా ఇచ్చారు, చివరిసారి తనిఖీ చేసిన రిపోర్టు నకలు. చాలా చోట్ల అనుమతి ఒక కెపాసిటీకి తీసుకుని రాత్రిపూట రెండింతలు నడుపుతారు. అది బయటపడేది ఇలాగే.

ఈలోగా సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు దాచుకోండి. ఫొటోలు తీసేటప్పుడు ఫోన్‌లో తేదీ, టైము, లొకేషన్ పడేలా పెట్టుకోండి. రాత్రి పొగ ఫొటో ఒక్కటే పెద్దగా పనికిరాదు. పొద్దున ఆకుల మీది మసి, ప్లాంటు గేటు, వచ్చిపోయే బండ్లు కలిపి ఉంటే బలం. ఏదీ కదలకపోతే హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. అక్కడ వివాదం వేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి ఆరు నెలల గడువు, నష్టపరిహారం అడగడానికి ఐదేళ్లు. ఆరు నెలలు ఊరికే పోనీయకండి.

జవాబు (లారీ టైర్ల వ్యాపారం, మిర్యాలగూడ)

నల్లగొండ తమ్మికి వ్యాపారం మాట చెప్తా. కుప్ప మొత్తం ఒకే రేటుకు ఇస్తే నష్టం నీకే. ముందు ఏరుకో. లారీ, బస్సు టైర్లలో సైడ్‌వాల్, అంటే టైరు పక్క భాగం, పగలకుండా, తీగ బయటపడకుండా ఉన్నవి పక్కన పెట్టు. అవి రీట్రేడింగ్‌కు పోతాయి, తుక్కు కింద అమ్మితే పాపం. ఇక్కడ రైస్‌మిల్లుల బండ్లన్నీ బటన్, అంటే రోడ్డుకు తగిలే గాళ్ల రబ్బరు, మళ్లీ వేయించుకునే తిరుగుతాయి. ఆర్టీసీ కూడా బస్సులకు రీట్రేడ్ టైర్లు వాడుతుంది, తప్పేం లేదు. మిగతావాటిలో నైలాన్ వేరు, రేడియల్ వేరు. రేడియల్‌లో ఉక్కు ఎక్కువ, దాని కొనుగోలుదారు వేరు, రేటు వేరు. బైకు టైర్లు వేరే కుప్ప. తూకం నీ కళ్లముందు వేయించు. వానలో తడిసిన కుప్ప తూచితే నీళ్ల బరువు పోవాలని కిలోకింత కోత పెడతారు, ఆ కోత ఎంతో బేరంలోనే తేల్చుకో.

ఇంకొకటి, గట్టిగా చెప్తున్నా. గుండు టైరుకు బ్లేడుతో గాళ్లు కోసి, నల్లరంగు కొట్టి సెకండ్‌హ్యాండ్ అని అమ్మే పని మన దగ్గర ఉంది. కారు టైరుకు బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లు, బైకు, ఆటోలకు 0.8 ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. కోసిన గాడి కింద మిగిలేది నైలాన్ గుడ్డే. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి రోడ్డెక్కి మే నెల ఎండలో పోతే ఆ టైరు పేలక ఏమవుతుంది? వాటిని అమ్మకు, అమ్మేవాడికీ ఇవ్వకు. తుక్కుకు వేసేటప్పుడు సైడ్‌వాల్ మీద ఒక కోత పెట్టి ఇస్తే మళ్లీ ఎవరూ రోడ్డెక్కించలేరు.

జవాబు (సొంతూరు హాలియా, ఇప్పుడు కాలిఫోర్నియా)

ఆసక్తిగా చదువుతున్నాను. ఇక్కడ టైర్ల చట్టాలన్నీ రాష్ట్రాలవే. 1985లో మిన్నెసోటా మొదలుపెట్టింది, తర్వాత ఒక్కో రాష్ట్రం తనకు తోచినట్టు చేసుకుంది. మా కాలిఫోర్నియాలో కొత్త టైరు కొన్న ప్రతిసారీ ఒక్కోదానికి 1.75 డాలర్ల ఫీజు బిల్లులో కనిపిస్తుంది. ఆ డబ్బుతో పాత కుప్పలు తీయించడం, రబ్బరు పొడి కలిపిన తారు రోడ్లకు సాయం చేయడం లాంటివి చేస్తారు. పది లేదా అంతకన్నా ఎక్కువ పాత టైర్లు బండిలో వేసుకుని పోవాలంటే రవాణాదారుగా రిజిస్టర్ కావాలి, ఎక్కడ ఎక్కించారు, ఎక్కడ దించారు అనే కాగితం బండిలో ఉండాలి. ఇంత కట్టుదిట్టం ఊరికే రాలేదు. 1998లో ట్రేసీ అనే ఊరి దగ్గర లక్షల టైర్ల గుట్ట అంటుకుని రెండేళ్లకు పైగా కాలింది. మన దగ్గర కూడా టైరుకు ఇంత అని ఫీజు పెట్టి రాష్ట్రమే చూసుకుంటే బాగుండేది కదా?

అదే కన్సల్టెంటు

ఒక తేడా ఉందండి. మీ దగ్గర పాత టైరు వదిలించుకోవడానికి డబ్బు కట్టాలి. కట్టడం ఇష్టంలేనివాడు అడవిలో పారేసేవాడు, అందుకే గుట్టలు. ఇక్కడ పాత టైరుకు కిలోకింత అని ఎదురు డబ్బిస్తారు. కాబట్టి గుట్టలు తక్కువ. కానీ ఎక్కువ ధర ఇచ్చేవాడి దగ్గరికే పోతుంది, ఆ ఎక్కువ ధర పొగగొట్టానికి ఫిల్టర్ పెట్టనివాడికే గిట్టుబాటవుతుంది. షాద్‌నగర్ అన్న చేను మీద మసి పడేది అందుకే. మనకు కావలసింది ఫీజు కన్నా మీరు చెప్పిన ఆ రెండోది, బండిలో ఉండే కాగితం. డీసీఎంలో టైర్లు ఎక్కడ ఎక్కాయో ఎక్కడ దిగాయో రాసి ఉంటే సగం దందా ఆగుతుంది. నా అభిప్రాయం ఇది, ఒప్పుకోనివాళ్లు ఉండవచ్చు.

జవాబు (ఆరోగ్య శాఖలో ఫీల్డ్ ఉద్యోగిని, మహబూబ్‌నగర్)

చట్టం సంగతి మీరు చూసుకోండి, దోమల సంగతి నేను చెప్తాను. డెంగీ దోమ టైరులోకి ఎందుకు వస్తుందంటే లోపల చీకటి, నీడ, నీళ్లు ఎండవు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి డ్రైడే, అంటే నిలిచిన నీళ్లు ఒంపి ఆరబెట్టే రోజు, అంటాం. కానీ టైర్ల షాపువాళ్లు నీళ్లు ఒంపేసి అయిపోయిందనుకుంటారు. గుడ్లు నీళ్లలో ఉండవు, నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి. నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ వాన పడగానే పొదుగుతాయి. అందుకని అమ్మే టైర్లు రేకుల కింద పెట్టండి. తుక్కువైతే టార్పాలిన్ కప్పండి, దాని మీద గుంటలు పడి నీళ్లు నిలవకుండా వాలుగా లాగి కట్టండి. కదలకుండా ఎక్కువ రోజులు ఉండే ట్రాక్టర్ టైర్లకు అడుగున రంధ్రాలు వేయండి. కొందరు వాడేసిన ఇంజన్ ఆయిల్ పోస్తారు. అది నేలలోకి దిగి బోరు నీళ్లు పాడవుతాయి, వద్దు.

ఇళ్ల ముందు రంగులేసి పూలమొక్కలు పెట్టిన టైర్లు, బడుల్లో పిల్లల ఆటకు పాతిన టైర్లు కూడా ఇంతే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, మట్టి నింపకుండా వదిలిన సగం టైరులోనే మాకు లార్వా దొరికేది.

కాలిఫోర్నియా నుంచి

మేడమ్ చెప్పింది నిజం. 1985లో హ్యూస్టన్‌లో కనిపించిన ఆసియా టైగర్ దోమ, దిగుమతి చేసుకున్న పాత టైర్లలోనే సముద్రం దాటి వచ్చిందని ఇక్కడ తేల్చారు.

ప్రశ్నించినవారు

చాలా విషయాలు తెలిశాయి. ఇంకా రెండు అడుగుతాను. పాత సామాన్ల సేటు, తీగ కోసం కాల్చి ఇస్తే ఇనుము రేటు విడిగా ఇస్తానన్నాడు. అది చేయొచ్చా? రిజిస్టరైన రీసైక్లర్‌ను ఎలా పట్టుకోవాలి?

అదే కన్సల్టెంటు

కాల్చడం మాటే ఎత్తొద్దు. బహిరంగంగా చెత్త కాలిస్తే మామూలుగా 5,000, పెద్ద మొత్తమైతే 25,000 రూపాయల జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. టైరు పొగలో బెంజీన్, డయాక్సిన్ లాంటివి ఉంటాయి. అంటుకున్న కుప్ప నీళ్లకు ఆరదు. టైరు గుల్లగా ఉండి లోపల గాలి ఆడుతూనే ఉంటుంది, మట్టి కప్పాల్సిందే. అందుకే కుప్పను ఒకే గుట్టగా కాకుండా మధ్యలో దారి వదిలి రెండు మూడుగా పెట్టండి, వెల్డింగ్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వద్దు.

రీసైక్లర్ల కోసం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి టైర్ల పోర్టల్ చూడండి. రిజిస్టరైనవాళ్ల పేర్లు రాష్ట్రాలవారీగా ఉంటాయి. అందులో క్రంబ్ రబ్బరు, రిక్లెయిమ్ రబ్బరు (పాతదాన్ని మళ్లీ వాడేలా మెత్తబరిచిన రబ్బరు) చేసేవాళ్లను ముందు అడగండి. క్రంబ్ అంటే పొడి, తారులో కలిపి రోడ్లేస్తారు, మ్యాట్లు చేస్తారు. వాళ్లు చిన్న లోడుకు బండి పంపరు, కాబట్టి మీ రోడ్డు మీది నాలుగైదు షాపులు కలిసి ఒక లోడు చేసుకోండి. సేటునే మధ్యలో పెట్టుకున్నా ఫరవాలేదు, సరుకు దిగిన ఫ్యాక్టరీ బిల్లు నకలు తెచ్చివ్వాలని ముందే మాట్లాడుకోండి. జీఎస్టీ సంగతి మీ ఆడిటర్‌ను అడగండి, టర్నోవర్‌ను బట్టి మారుతుంది.

మిర్యాలగూడ

నాలుగు షాపులు కలవడం మంచి మాట. కాకపోతే ఎవరి టైర్లు ఎన్ని కిలోలో ఎక్కించేటప్పుడే రాసుకోండి, తర్వాత పంచాయితీ కావద్దు. ట్యూబులు, ఫ్లాపులు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీలు) టైర్ల తూకంలో కలిపేయకు తమ్మీ. ట్యూబుల్లో బ్యూటైల్ అనే రకం రబ్బరువి వేరుగా అమ్ముడవుతాయి, కలిపి ఇస్తే తక్కువ రేటే కడతారు. తేడా ఎట్ల తెలుస్తుందంటే, ముక్క లాగి వదులు. మామూలు రబ్బరు టపీమని వెనక్కి వస్తుంది, బ్యూటైల్ బద్ధకంగా, మెల్లగా ముడుచుకుంటుంది. వాల్వులు కోసి తీసెయ్, వాటి ఇత్తడిని సేటు విడిగా కొంటాడు.