ట్యాబ్‌లో సముద్ర చార్టులు: రేవు దాటితే పడవ గుర్తు కదలడం లేదు

బోటుబాట:
మధ్యాహ్నం నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. ట్యాబ్‌లో నావిగేషన్ యాప్ వేసి, డబ్బు కట్టి చార్టులు దించుకున్నాను. జెట్టీ దగ్గర బాగానే ఉంటుంది, పడవ గుర్తు సరిగ్గా మేం కట్టేసిన చోటే కనిపిస్తుంది. బయల్దేరి మొగ దగ్గర నీటి మీద తేలే ఎర్ర బోయ పక్కనుంచి పోతున్నా, తెర మీద పడవ ఇంకా జెట్టీ దగ్గరే! ఒక్కోసారి ఉన్నట్టుండి ఊళ్లోకి గెంతుతుంది. యాప్ తీసేసి మళ్లీ వేశాను, చార్టులూ మళ్లీ దించాను. అదే తంతు. ఇంకో యాప్‌కి మారిపోదామని ఉంది. ఏది మంచిది, చార్టులు ఏవి కొనాలి? తెల్లారితే బయల్దేరాలి, టెన్షన్‌గా ఉంది.

లంగరు:
ఓపెన్‌సీపీఎన్ యాప్ చూడండి.

పాతసరంగు:
యాప్ సంగతి తర్వాత బాబూ, ముందు మీది రాస్టర్ చార్టా, వెక్టర్ చార్టా చెప్పండి. రాస్టర్ అంటే కాగితం చార్టుకు ఉన్నదున్నట్టు తీసిన బొమ్మ. గీసిన రాయి ఎక్కడికీ పోదు. వెక్టర్ అంటే సమాచారం చూసి యాప్ అప్పటికప్పుడు గీసేది, అందులో జూమ్ తగ్గిస్తే చిన్న వివరాలు దాక్కుంటాయి. 2014 నవంబరులో వోల్వో ఓషన్ రేస్‌లో టీమ్ వెస్టాస్ విండ్ పడవ హిందూ మహాసముద్రంలో కార్గాడోస్ కరాజోస్ దిబ్బల మీదికి ఎక్కేసింది. చార్టు వాళ్ల దగ్గర ఉంది. తగినంత జూమ్ చేసి చూడకపోవడం వల్ల దిబ్బ కంటపడలేదు.

కొలతబద్ద:
సరంగు గారూ, అది చార్టు తప్పు కాదు, చూసే తీరు తప్పు. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా కాగితం, రాస్టర్ చార్టులను ఆపేస్తామని 2019లోనే ప్రకటించింది, ఇప్పుడిస్తున్నవి వెక్టర్ ఈఎన్‌సీలే (ఎలక్ట్రానిక్ చార్టులు). వాటిలో సర్వే ఎంత నమ్మదగిందో కూడా రాసి ఉంటుంది. బి తరగతి అయితే స్థానంలో 50 మీటర్లు, సి అయితే 500 మీటర్ల దాకా తేడా ఉండొచ్చు. రాస్టర్‌ని ఎంత సాగదీసినా కొత్త కొలత పుట్టదు. 1:50,000 చార్టులో ఒక మిల్లీమీటరు అంటే నీటి మీద 50 మీటర్లు.

పాతసరంగు:
సర్వే ఎప్పుడు చేశారో కాగితం చార్టు మూలనా వేస్తారండీ. అది చూసే ఓపిక ఎవరికుంది?

లంగరు:
ఏ ట్యాబ్?

బోటుబాట:
ఐప్యాడ్ అండీ. మీరు చెప్పిన ఓపెన్‌సీపీఎన్ స్టోర్‌లో కనబడటం లేదు.

లంగరు:
ఐప్యాడ్‌కి లేదు, ఆండ్రాయిడ్‌కి ఉంది. సిమ్ మోడలా, వైఫైదా?

బోటుబాట:
వైఫైదే. సిమ్‌తో పనేముంది, చార్టులన్నీ ట్యాబ్‌లోనే ఉన్నాయిగా?

లంగరు:
వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు.

గట్టుదీపం:
అదే అసలు సంగతి. చుట్టుపక్కల వైఫైలను బట్టి అది చోటు అంచనా వేస్తుంది. జెట్టీ దగ్గర అవి ఉన్నాయి కాబట్టి సరిపోయింది, నీళ్లలోకి వెళ్లాక ఆధారం లేదు. ఏ యాప్ కొన్నా ఇంతే. బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ ఒకటి తీసుకోండి, ఐప్యాడ్‌తో పనిచేసే రకమేనా అని చూసి మరీ కొనండి. పడవలో ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలకు మన చోటు తెలిపే పరికరం) గానీ ప్లాటర్ (చార్టు మీద పడవ చోటు చూపే తెర) గానీ ఉండి, ఎన్‌ఎంఈఏ 0183 (పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) సమాచారాన్ని వైఫైలో పంపేదైతే, యాప్ సెట్టింగుల్లో దాన్ని కలుపుకోవచ్చు. రేపటికి మాత్రం యాప్ ఫోన్‌లో వేసుకోండి. చార్టులు ఇంట్లోనే దించుకుని, నెట్ ఆపేసి, దగ్గరికి జూమ్ చేసి లోతు అంకెలు కనబడుతున్నాయో లేదో చూడండి. కొన్ని యాప్‌లు పైపై బొమ్మ మాత్రమే దాచుకుని, వివరాల కోసం మళ్లీ నెట్ అడుగుతాయి.

పాతసరంగు:
ఫోన్ తడిస్తేనో, చార్జింగ్ అయిపోతేనో? కాగితం చార్టు, దిక్సూచి వెంట ఉండాల్సిందే.

కొలతబద్ద:
ఈ మాటలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ కాగితం చార్టు డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే భూమి కొలత లెక్క) ప్రకారం ఉందో లేదో కూడా చూసుకోవాలి. పాతవాటిలో జీపీఎస్ స్థానానికి వందల మీటర్ల తేడా వచ్చేవి ఉన్నాయి.

బోటుబాట:
ఫోన్‌లో వేశాను, వీధిలో నడుస్తుంటే గుర్తు కూడా కదులుతోంది. థ్యాంక్సండీ.

కొత్తతెడ్డు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆండ్రాయిడ్ వైఫై ట్యాబ్‌లలోనూ ఇంతేనా?

లంగరు:
కొన్నిటిలో జీపీఎస్ ఉంటుంది. మోడల్ చెప్పండి.